గొర్రెల మంద ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఊరు అంబాజీపేట దగ్గర. మా అబ్బాయి అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఏటా వాడికి ఆ యూనివర్సిటీ ‘ఫౌండేషన్’ నుంచి విరాళం అడుగుతూ ఉత్తరం వస్తుంది. వాడు 100 డాలర్లు పంపుతాడు. గవర్నమెంటు యూనివర్సిటీకి చందాలెందుకు, అదీ వేరే సంస్థ పేరుతో ఎందుకు అని నా అనుమానం. ఇంకో సంగతి. మేం చదివిన ఎయిడెడ్ డిగ్రీ కాలేజీ కోసం మా 1979 బ్యాచ్ వాళ్లం 11 లక్షలు పోగుచేశాం. అవి ఇప్పుడు ఒక మిత్రుడి సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి. ‘మీరూ ఒక ఫౌండేషన్ పెట్టండి నాన్నా, ఇక్కడి మనవాళ్లం కూడా పంపుతాం’ అంటాడు మావాడు. మాలో కొందరు డబ్బు కాలేజీకిచ్చేసి చేతులు దులుపుకుందాం అంటున్నారు. కొందరు రెండు రూపాయల వడ్డీకి తిప్పుదాం అంటున్నారు. ఖాతా ఉన్న మిత్రుడు నిప్పులాంటి మనిషి. కాగితాలు, సంతకాలు అంటే ఆయన్ని అనుమానించినట్టు అవుతుందని నేను నోరు మెదపలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు:

మాస్టారూ, ముందు మీ టెన్షన్ తగ్గే మాట ఒకటి చెబుతాను. మీ అబ్బాయికి వచ్చే ఉత్తరాల్లో మోసమేమీ ఉండకపోవచ్చు. అమెరికాలో ప్రభుత్వ యూనివర్సిటీల పక్కన ఇలాంటి ఫౌండేషన్ ఉండటం మామూలే. అక్కడి ధర్మసంస్థలు ఆదాయపు పన్ను శాఖకు ఏటా ‘ఫారం 990’ అనే లెక్క ఇవ్వాలి. దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పై అధికారులకు జీతాలెంత అన్నీ అందులో ఉంటాయి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఆ ఫారం తెరిచి చూపించమనండి. లెక్కల మాస్టారు కాబట్టి మీకు సినిమా కంటే బాగుంటుంది.

ఇక వేరే సంస్థ ఎందుకన్న మీ ప్రశ్న అసలైన ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే మీ 11 లక్షల సంగతి సగం తేలిపోతుంది. జవాబు కోసం అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు, గోదావరి దాటి ద్రాక్షారామం వెళితే చాలు.

భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. మీరు ఎన్నోసార్లు వాటి పక్క నుంచే ప్రదక్షిణ చేసి ఉంటారు. వాటిలో చాలా వరకు దీపం కోసం చేసిన దానాలే. ఎవరో ఒకరు స్వామి ముందు అఖండ దీపం వెలగాలని మొక్కుకుంటారు. అందుకు ఒక నెయ్యి కుండ ఇచ్చి వెళ్లిపోరు. యాభై గొర్రెలో, పాతిక ఆవులో ఇస్తారు. వాటిని ఒక కాపరికి అప్పగిస్తారు. శాసనాల్లో ఇలాంటి వాళ్లు బోయలుగా కనిపిస్తారు. మంద ఆ కాపరి దగ్గరే ఉంటుంది, పాలు, పిల్లలు అతనివే. బదులుగా గుడికి రోజూ మానెడు నెయ్యి పోయాలి. ముసలి గొర్రె చచ్చిపోతే కొత్త పిల్లతో లెక్క సరిపెట్టాలి. దాత పోయినా, కాపరి పోయినా, ఏలే రాజు మారినా మంద మాత్రం తగ్గకూడదు. ఇదంతా రాతి మీద నలుగురూ చూసేలా చెక్కించేవారు.

ఇప్పటి ఫౌండేషన్ కూడా ఇంతే. మంద అంటే మూలధనం, నెయ్యి అంటే ఏటా వచ్చే రాబడి. మంద ఒకరి చేతిలో, దీపం ఇంకొకరి చేతిలో ఉంటాయి, షరతు మాత్రం అందరి కళ్ల ముందు ఉంటుంది. పూజారికే మందను కూడా అప్పగిస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? పూజారి దొంగ అని కాదు నా ఉద్దేశం. ఏదో ఒక ఏడు పండగ ఘనంగా చేయాలనిపిస్తుంది. నాలుగు గొర్రెలు అమ్ముతాడు. మంచి పనికే అమ్ముతాడు. పదేళ్లు గడిచేసరికి దీపం ఆరిపోతుంది.

అమెరికా వాళ్లకు ఈ సంగతి వంటబట్టడానికి చాలా కాలం పట్టింది. వాళ్ల కాలేజీలు పుట్టడమే చందాలతో పుట్టాయి. 1638లో జాన్ హార్వర్డ్ అనే యువ మతబోధకుడు చనిపోతూ తన ఆస్తిలో సగం, సుమారు 400 పుస్తకాలు ఒక కొత్త కాలేజీకి రాసిస్తే ఆ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఇంకో కాలేజీ కథ మన తీరానికి ఇంకా దగ్గరది. మద్రాసు సెయింట్ జార్జి కోటకు 1687 నుంచి 1692 దాకా గవర్నరుగా ఉన్న ఎలిహు యేల్ ఇక్కడ బోలెడంత గడించి ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1718లో కాటన్ మేథర్ అనే పాదిరీ ఆయనకు ఉత్తరం రాశాడు (ఈ కాటన్ మన ఆనకట్ట కాటన్ దొర కాదు లెండి, ఆయన పుట్టడానికి ఇంకా ఎనభై ఏళ్లకు పైగా ఉంది). కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి సాయం చేస్తే మీ పేరు పెడతారు, పిల్లల కంటే గట్టిగా ఆ పేరు నిలబడుతుంది అన్నది ఆ ఉత్తరం సారం. ఆయన తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే సుమారు 562 పౌన్లు వచ్చాయి. అదే నేటి యేల్ యూనివర్సిటీ. ఆ రోజుల్లో మన నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో కూడా ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగి నడిచింది. ఆ ఊరి పేరుతో ‘మడపొల్లం’ అనే గుడ్డ ఐరోపా అంతా తిరిగింది. యేల్ బేళ్లలో మన నేత ఉందని నేను అనను. కానీ ఆయన సంపాదనలో ఈ తీరపు చెమట లేకుండా ఎలా ఉంటుంది? మీ అబ్బాయి లాంటి వాళ్లు అమెరికా కాలేజీలకు విరాళాలివ్వడం నిన్నా మొన్నా మొదలైంది కాదని చెప్పడానికే ఈ కథ.

యేల్, హార్వర్డ్ ప్రైవేటువి. వచ్చిన విరాళం వాళ్లదే, దాత షరతు ఏదైనా ఉంటే దానికి లోబడి ఖర్చు పెట్టేదీ వాళ్లే. చిక్కంతా ప్రభుత్వ యూనివర్సిటీలకు వచ్చింది. 1862లో అక్కడి కేంద్ర ప్రభుత్వం మోరిల్ చట్టం చేసింది. వ్యవసాయం, ఇంజనీరింగు నేర్పే కాలేజీల కోసం రాష్ట్రాలకు భూములిచ్చింది. ఊరూరా రాష్ట్ర కాలేజీలు బలపడ్డాయి. కానీ ఒక రైతు తన పొలాన్ని అలాంటి యూనివర్సిటీకి రాసిస్తే అది ఎవరిదవుతుంది? ప్రభుత్వానిది. శాసనసభ దానిని ఎలాగైనా మళ్లించవచ్చు. ‘మీకు విరాళాలు బాగా వస్తున్నాయిగా’ అని ఆ ఏడాది బడ్జెట్టులో కోత కూడా పెట్టవచ్చు. ఇది తెలిసిన దాత జేబులోంచి చెయ్యి బయటికి తీయడు.

దీనికి మందు కనిపెట్టింది కాన్సాస్ వాళ్లు. 1891లో కాన్సాస్ యూనివర్సిటీ కోసం ఎండోమెంట్ అసోసియేషన్ అనే వేరే సంస్థ పెట్టారు. అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటి ఫౌండేషన్లకు అదే మొదటిది. అది యూనివర్సిటీ కోసమే పుట్టింది, కానీ యూనివర్సిటీ చేతిలో ఉండదు, ప్రభుత్వం చేతిలో అసలే ఉండదు. దాత ఇచ్చినది అది పుచ్చుకుంటుంది, కాపాడుతుంది, రాబడిని దాత చెప్పిన పనికి యూనివర్సిటీకి అందిస్తుంది. అంటే కాపరిని వేరుగా పెట్టారు. దానికి ఒక ఏడాది ముందు 1890లో యేల్ పాత విద్యార్థులు ఏటేటా తలా కొంత వేసుకునే నిధి మొదలుపెట్టారు. మీ అబ్బాయికి వచ్చే ఉత్తరానికి ఈ ఇద్దరూ తాత ముత్తాతలు. విచిత్రంగా అదే 1890లో మన దేశంలో కూడా ధర్మనిధుల చట్టం వచ్చింది. దాత ఇచ్చిన నిధిని ప్రభుత్వం నియమించిన కోశాధికారి పేరున ఉంచి, రాబడిని దాత కోరిన పనికి వాడే పద్ధతి అది. స్నాతకోత్సవాల్లో దాతల పేరుతో ఇచ్చే బంగారు పతకాల వెనక ఉన్నదీ ఈ నిధి ఆలోచనే.

కాన్సాస్ దారి మిగతావాళ్లు పట్టడానికి మరో ముప్ఫై నలభై ఏళ్లు పట్టింది. 1925లో విస్కాన్సిన్‌లో పాత విద్యార్థుల ఫౌండేషన్ పుట్టింది. ఒక ప్రొఫెసరు విటమిన్ డి మీద తన పేటెంటు హక్కును దానికి ఇస్తే, ఆ రాబడి పరిశోధనలకు దారి చూపింది. ఫ్లోరిడా 1934లో, ఇండియానా 1936లో తమ ఫౌండేషన్లు పెట్టుకున్నాయి. అవి ఆర్థిక మాంద్యం రోజులు, రాష్ట్రాల ఖజానాలు ఖాళీగా ఉన్నప్పుడే ఇవి పుట్టాయని గమనించండి. టెక్సాస్ దారి వేరు. 1876లోనే అక్కడ యూనివర్సిటీ శాశ్వత నిధికి పశ్చిమాన ఎవరికీ పట్టని ఎడారి భూములు రాసిచ్చారు. 1923లో వాటి కింద చమురు పడింది. మన కోనసీమ కింద గ్యాస్ పడితే మన కాలేజీలకు ఏం వచ్చిందో తెలీదు గాని, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు మాత్రం రెండు నెలలు చూశాం. సరే, ఆ బాధ ఇక్కడొద్దు.

వేరుగా పెట్టినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనుకోకండి. గోడ కట్టాక గోడ వెనక ఏం జరుగుతుందో కనపడదు. ఫౌండేషన్ ప్రైవేటు సంస్థ కాబట్టి లెక్కలు చూపించనక్కర్లేదని కొన్నిచోట్ల వాదించారు. అయోవాలో కొందరు పౌరులు కోర్టుకెక్కితే, 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఫౌండేషన్ చేసేది ప్రభుత్వ యూనివర్సిటీ పనే కాబట్టి దాని రికార్డులు జనం చూడవచ్చని చెప్పింది. శాసనం రాతి మీద ఎందుకు చెక్కారో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. దీపం వెలగకపోతే దారిన పోయేవాడు కూడా అడగగలగాలి.

రెండో తగాదా షరతు మీద. 1961లో రాబర్ట్‌సన్ అనే కుటుంబం ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి మూడున్నర కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చింది. ప్రభుత్వ సేవలోకి, ముఖ్యంగా విదేశీ వ్యవహారాల్లోకి వెళ్లే యువతను తయారుచేయడానికి అని షరతు. డబ్బు వేరే పనులకు పోతోందని ఆ ఇంటి పిల్లలు 2002లో దావా వేశారు. ఆరేళ్లు నడిచి 2008లో రాజీ కుదిరింది. లాయర్లకే కోట్ల డాలర్లు పోయాయి. అంత పెద్ద యూనివర్సిటీతో, అంత పక్కా కాగితాలతో కూడా ఇలా జరిగింది.

మా సంగతి చెబితే నవ్వుతారు. పదిహేనేళ్ల కిందట మా బ్యాచ్ మేమూ చదివిన కాలేజీకి లైబ్రరీ కోసమని కొంత ఇచ్చాం. శాలువాలు కప్పారు, ఫోటోలు దిగాం. రెండేళ్ల తర్వాత వెళితే లైబ్రరీ ఎలా ఉందో అలాగే ఉంది, కాలేజీ చుట్టూ మాత్రం కొత్త ప్రహరీ గోడ. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. పశువులు వస్తున్నాయి, గోడ అత్యవసరమైంది, డబ్బు చేతిలో ఉంది, కట్టేశారు. మా రసీదు తీసి చూస్తే దాని మీద ‘విరాళం’ అని ఒక్క మాటే ఉంది. తప్పు కాలేజీది కంటే మాదే ఎక్కువ. కాబట్టి ‘ఇచ్చేసి చేతులు దులుపుకుందాం’ అన్న మీ మిత్రులకు నా ఓటు లేదు. పైగా మీది ఎయిడెడ్ కాలేజీ. 2021లో ఎయిడెడ్ సంస్థలను ప్రభుత్వానికి అప్పగించాలా, స్టాఫును మాత్రమే ఇవ్వాలా అని రాష్ట్రమంతా ఎంత గొడవ జరిగిందో చూశారు కదా. యాజమాన్యాలు మారవచ్చు, కాలేజీ రూపం మారవచ్చు. మీ డబ్బు కాలేజీ ఖాతాలో ఉంటే అది కూడా వాటితో పాటు కొట్టుకుపోతుంది.

మన డెల్టాలో దానాలకు కొదవ లేదు, కానీ వాటిలో రకాలు వేరు. కాకినాడ పి.ఆర్. కాలేజీ పేరులోనే పిఠాపురం రాజావారు ఉన్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో అది వెలిగిన తీరు మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వెలుగు వెనక సంస్థానం దాతృత్వం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సైన్సు కాలేజీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు ఉండటానికీ కారణం అదే. అయితే రాజుగారి చేతి నుంచి ఏటేటా వచ్చే సొమ్ముకు ప్రాణం రాజ్యం ఉన్నన్నాళ్లే. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, ఆ చేతులూ ముడుచుకున్నాయి. అదే కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ గారిని చూడండి. పేదింట పుట్టి, రంగూన్ వెళ్లి, ఓడల వ్యాపారంలో సంపాదించి, ఆస్తిని వీలునామాతో ధర్మానికి రాశారు. ఆయన పోయి వందేళ్లు దాటినా ఎమ్మెస్సెన్ ఛారిటీస్ పేరుతో జగన్నాథపురంలో బడి, కాలేజీ ఉన్నాయి. ఒకరు ఏటా నెయ్యి పోశారు, ఇంకొకరు మందను ఇచ్చి వెళ్లారు. నాకు ఇద్దరి మీదా గౌరవమే, కానీ మీ బ్యాచ్ వాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. మీకు పనికొచ్చేది రెండో దారి.

ఇక్కడ ఒక్క మాట. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు ఏ మూలధనం లెక్కా చూడలేదు. అర్ధరాత్రి వైనతేయ పాయ దాటి వచ్చినవాడికి కూడా అన్నం పెట్టారు. ఆకలికి వడ్డీ వచ్చేదాకా ఆగమని చెప్పలేం. పరీక్ష ఫీజు రేపు కట్టాల్సిన పిల్లకు ‘మా ఎఫ్‌డీ మార్చిలో మెచ్యూర్ అవుతుంది’ అంటే ఎలా ఉంటుంది? అందుకని మొత్తం 11 లక్షలూ తాళం వేయమని నేను చెప్పను. ఒక లక్ష చేతి ఖర్చుకు పక్కన పెట్టండి. పది లక్షలు మంద.

పది లక్షలకు బ్యాంకు ఏడు శాతం ఇస్తుందనుకుందాం. ఏడాదికి 70 వేలు. పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ పనులకే ఖర్చు చేయాలి, 15 శాతం వెనకేసుకోవచ్చు. అంటే 59,500 పిల్లలకు, 10,500 తిరిగి మందలోకి. ధరలు పెరుగుతుంటాయి కాబట్టి ఆ పదివేలు వేయకపోతే ఇరవై ఏళ్లకు మంద లెక్క యాభై ఉన్నా గొర్రెలు బక్కచిక్కి ఉంటాయి. అమెరికా ఫౌండేషన్లు కూడా ఏటా నాలుగు, ఐదు శాతానికి మించి తీయకపోవడానికి కారణం ఇదే. కొబ్బరి తోట ఉన్న మీకు చెప్పేదేముంది, దింపు తీసుకుంటాం గాని చెట్టు నరకం కదా. పాత దాతలు మూలధనానికి ఇచ్చిన ప్రతి రూపాయికీ ‘ఇది మూలధనానికి’ అని దాత చేతి రాతతో ఒక కాగితం తీసుకోండి. అది లేకపోతే పన్ను లెక్కలో అది మామూలు ఆదాయం కింద పడి, 85 శాతం ఖర్చు పెట్టమంటారు.

రెండు రూపాయల వడ్డీ ఆలోచన మాత్రం ఈ రోజే ఆపండి. నెలకు నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, వినడానికి కమ్మగా ఉంటుంది. కానీ ధర్మసంస్థ సొమ్ము ఎక్కడ పెట్టాలో చట్టం చెబుతుంది. బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపు, ప్రభుత్వ బాండ్ల లాంటివి. ప్రామిసరీ నోట్లూ చీటీలూ అందులో లేవు. చట్టం సంగతి అలా ఉంచినా, రొయ్యల చెరువు పోయి అప్పు తీర్చలేని మనిషి మీ బ్యాచ్‌మేట్ బావమరిది అయితే వసూలుకు ఎవరు వెళ్తారు? మీరా?

సంస్థ ఏ రూపంలో పెట్టాలన్నది లాయరుతో, ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. 2001 నాటి మన సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టవచ్చు. లేదా సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్టు దస్తావేజు రాయించుకోవచ్చు. నా మొగ్గు ట్రస్టు వైపే, ఎందుకంటే సొసైటీలో ఎన్నికలొస్తాయి, ఎన్నికలొస్తే కాలేజీ రోజుల ప్యానెళ్లన్నీ మళ్లీ లేస్తాయి. కాకపోతే 1987 నాటి మన ఎండోమెంట్స్ చట్టం ధర్మసంస్థలకూ వర్తిస్తుంది, అది మీకు ఎంతవరకు అన్నది లాయరును ముందే అడగండి. దస్తావేజులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: అసలు ముట్టుకోకూడదు, కాలేజీ ప్రిన్సిపాలు సలహా చెప్పవచ్చు గాని చెక్కు మీద సంతకం ఆయనది కాదు, కాలేజీ మూతపడినా విలీనమైనా డబ్బు ఈ ప్రాంతపు డిగ్రీ విద్యార్థులకే వెళ్లాలి. ఆ చివరి మాట రాయడానికి మీవాళ్లు ఇష్టపడరు, అపశకునం అంటారు. అయినా రాయండి. ట్రస్టీల్లో ఒకరిద్దరు మీ బ్యాచ్ తర్వాత ఇరవై ఏళ్లకు చదివినవాళ్లు ఉంటే మంచిది.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంస్థకు రిజిస్ట్రేషన్, దాతలకు 80జి అనే పన్ను మినహాయింపు. ఇప్పుడు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి, జనం నోట మాత్రం ఇంకా 80జి అనే ఉంది. నగదుగా 2,000 దాటి ఇస్తే దాతకు ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకూ రాదు. ముందే చెప్పేయండి, తర్వాత గొడవ పడతారు.

మీ అబ్బాయి మాట దగ్గరే అసలైన జాగ్రత్త కావాలి. విదేశీ విరాళాల చట్టం పాస్‌పోర్టును చూస్తుంది, రంగును, భాషను చూడదు. మీవాడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వాడి పక్కింటి అమలాపురం కుర్రాడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, వాడిచ్చేది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. దానికి మీ సంస్థకు ఆ చట్టం కింద, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రావాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. లేదంటే ఫలానా దాత నుంచి ఫలానా పనికి అని ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. ‘అందరూ నాకిచ్చేస్తే నేను ఒక్కడినే నాన్న ఖాతాకు పంపేస్తా’ అని మీవాడు సులువు దారి చెబుతాడు. వద్దని చెప్పండి. మనసులో ఏ మోసం లేకపోయినా కాగితం మీద తప్పు తప్పే. అమెరికా పౌరులైన మిత్రులు ఆ డబ్బుకు అక్కడ పన్ను మినహాయింపు అడిగితే, మన ట్రస్టుకు ఇచ్చినదానికి అక్కడ అది రాదని కూడా చెప్పాలి.

మీవాడు తన యూనివర్సిటీకి పంపే 100 డాలర్లను ఆపమని మాత్రం అడగకండి. వాడు అక్కడ స్కాలర్‌షిప్పు మీద చదివి ఉంటే, అది ఎవరో ముక్కూమొహం తెలియని దాత ఇచ్చిన మందలోంచి వచ్చిన నెయ్యే కావచ్చు. ఎక్కడికి పోవాలో టిక్కు పెట్టే గడి ఆ ఫారంలో ఉంటుంది. ‘ఎక్కడ అవసరమైతే అక్కడ’ అని వదిలేయకుండా విద్యార్థుల స్కాలర్‌షిప్పు దగ్గర టిక్కు పెట్టమనండి. మా ప్రహరీ గోడ గుర్తొచ్చి చెబుతున్నాను.

ఇక మీ మిత్రుడు. ఉత్తరమంతా చదివాక మీరు అడిగింది నిజానికి ఈ ఒక్కటేనని నాకు అనిపించింది. నిప్పులాంటి మనిషే. కానీ ఆ ఖాతాలో వడ్డీ ఆయన ఆదాయం కింద లెక్కకొస్తుంది, పన్ను ఆయన కట్టాలి. పదకొండు లక్షలు ఎలా వచ్చాయని పన్ను శాఖ అడిగితే జవాబు ఆయన చెప్పాలి. రేపు ఆయనకేమైనా అయితే ఆ డబ్బు నామినీకి వెళ్తుంది. ఆయన పిల్లలు ఇది తమ నాన్నదో, బ్యాచ్‌దో తెలియక అవస్థ పడతారు, మీరు ఆ ఇంటి గుమ్మంలో నిలబడి అడగలేరు. కాబట్టి మీరు ఆయన్ని అనుమానించడం లేదు, ఆయన నెత్తి మీద బరువు దింపుతున్నారు. సభలో నలుగురి ముందు ఎత్తకండి. ఒక సాయంత్రం ఒక్కరే వెళ్లండి. ‘ఒరే, ఈ బరువు ఇన్నాళ్లు నువ్వొక్కడివే మోశావు, ఇది చాలు’ అని మొదలుపెట్టండి. ఎవరు ఎంత, ఏ తేదీన ఇచ్చారో ఆయన దగ్గర తప్పకుండా ఒక పుస్తకం ఉంటుంది. నిప్పులాంటి వాళ్ల దగ్గర అది ఉంటుంది. ట్రస్టు మొదటి మినిట్స్ బుక్కులో మొదటి పేజీగా ఆ లెక్కనే అంటించండి. దాని కింద మొదటి సంతకం ఆయన చేత పెట్టించండి.